చేపలు బాగున్నాయి, నత్తలు చచ్చిపోయాయి

ఉప్పునీళ్ల ఎక్వేరియం పెట్టుకున్న ఎవరి ఫోన్ గ్యాలరీ తెరిచినా ఒకే రకం ఫొటోలు కనిపిస్తాయి. చేతిలో టెస్ట్ ట్యూబ్, వెనకాల రంగుల కార్డు, పైన ట్యూబ్‌లైట్ వెలుతురు. “ఇది 10 అంటావా, 20 అంటావా?” అని రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వచ్చేది ఆ ఫొటోనే. మనకేమో రెండూ ఒకే కమలాపండు రంగులా కనిపిస్తాయి.

నాకు సొంత ట్యాంక్ లేదు. ఉన్నవాళ్లు చుట్టూ ముగ్గురున్నారు. నేను ప్రొడక్షన్ సపోర్ట్ చేస్తానని తెలిసినప్పట్నుంచీ వాళ్ల ట్యాంకుల్లో ఏం తేడా వచ్చినా ఫోన్ నాకే. “కారణం వెతకడం నీ ఉద్యోగమేగా” అంటారు. నిజమే. రెండు చోట్లా ఒకటే బాధ: డాష్‌బోర్డ్ మొత్తం పచ్చగా ఉంటుంది, యూజర్లు మాత్రం చచ్చిపోతుంటారు. ట్యాంకులో అయితే నిజంగానే చచ్చిపోతారు.

ఈ వారం అలాంటి కేసు ఒకటి చెబుతా. ముందు కాస్త పరిచయం. ఈ హాబీ తెలిసినవాళ్లు రెండు పేరాలు దాటేయొచ్చు.

రీఫ్ ట్యాంక్ అంటే ఇంట్లో పెట్టుకున్న పగడపు దిబ్బ ముక్క. గోల్డ్‌ఫిష్ తొట్టిలో చేపే హీరో. ఇక్కడ కాదు. రాళ్లు, రాళ్ల మీద పగడాలు, వాటి మధ్య నాచు గీక్కుని తినే నత్తలు, చేపల ఒంటి మీద చెత్త ఏరుకునే రొయ్య, చివర్న గెస్ట్ రోల్‌లో రెండు క్లౌన్‌ఫిష్‌లు. ‘ఫైండింగ్ నీమో’లో ఉన్న చేప అదే. సముద్రంలో వీటి చుట్టూ నీళ్లు పెద్దగా మారవు. ఉప్పు, వేడి, ఖనిజాలు అన్నీ ఏళ్ల తరబడి ఇంచుమించు ఒకే చోట నిలబడి ఉంటాయి. అలాంటి జీవుల్ని తెచ్చి మనం 200 లీటర్లలో పెడతాం. బాత్రూమ్‌లో పెద్ద డ్రమ్ము ఉంటుంది చూడండి, అటూఇటుగా అంత. అందులోకి ఏది వెళ్లినా, మనం తీస్తే తప్ప బయటికి దారి లేదు.

అందుకే ఈ హాబీలో చేపల్ని పెంచడం కన్నా నీళ్లని పెంచడం ఎక్కువ. ఉప్పు లీటరుకి 35 గ్రాములు, అంటే స్పెసిఫిక్ గ్రావిటీ 1.026 దగ్గర. వేడి 25, 26 డిగ్రీలు. ఆల్కలినిటీ 8, 9 డీకేహెచ్. కాల్షియం 420 పీపీఎం, మెగ్నీషియం 1300 దగ్గర. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నైట్రేట్, ఫాస్ఫేట్ కొద్దిగా. ఇవన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నైట్రేట్, ఫాస్ఫేట్ తప్పితే మిగతావి సముద్రంలో ఎంతున్నాయో దాని చుట్టుపక్కలే ఉన్నాయని తెలిస్తే చాలు.

సమస్య ఏంటంటే, అంకె కనిపించగానే దానికో సీసా కూడా దొరుకుతుంది. ఆల్కలినిటీ తగ్గిందా, ఓ సీసా. ఫాస్ఫేట్ పెరిగిందా, ఇంకో సీసా. నాచు వచ్చిందా, మూడో సీసా. వారం తిరిగేసరికి ఒకేసారి ఐదు మార్పులు చేసేసి ఉంటారు. దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో దేవుడికి కూడా తెలీదు. శుక్రవారం సాయంత్రం ఐదు కమిట్లు కలిపి డిప్లాయ్ చేసే టీమ్ లాగా అన్నమాట. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి దించేసి, ఆ ఖాళీలో డైనోఫ్లాజెల్లేట్లు అనే గోధుమరంగు జిగురు పెరిగి ఏడ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. సున్నా కూడా చెడ్డ రీడింగే అని వాళ్లకి ఏ షాపులోనూ చెప్పరు.

సరే, కేసు.

మా పాత రూమ్మేట్ ఇప్పుడు నిజాంపేటలో అమ్మానాన్నలతో ఫ్లాట్‌లో ఉంటున్నాడు. ట్యాంక్ 200 లీటర్లు, పెట్టి రెండేళ్లు దాటింది. రెండు క్లౌన్‌ఫిష్‌లు, ఒక క్లీనర్ ష్రింప్, ఆరు నత్తలు. పగడాల్లో జోవాంథిడ్లు, మష్రూమ్‌లు, ఒక లెదర్ కోరల్. అన్నీ మెత్తటి రకాలే. రాయిలా గట్టిపడే పగడాలు మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులికున్న రక్షణే వాటికీ. మన సముద్రంలోంచి తెచ్చిన ముక్కని ఎవడైనా ‘లైవ్ రాక్’ పేరుతో ఇంట్లో అంటగట్టబోతే కొనకండి. ఇది కేసుకి సంబంధం లేని మాట, కానీ చెప్పకుండా ఉండలేను.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక నత్త ఇసుకలో వెల్లకిలా పడి ఉంది. నత్తలు అప్పుడప్పుడు పడతాయి, తిరగేసి పెడితే లేస్తాయి. ఇది లేవలేదు. పది రోజుల్లో ఇంకో మూడు. తర్వాత రొయ్య కుబుసం విడిచింది, తెల్లారేసరికి కుబుసం పక్కనే చచ్చి పడి ఉంది. జోవాంథిడ్లు పువ్వుల్లా విచ్చుకుని ఉండాల్సినవి పిడికిలి బిగించినట్టు మూసుకున్నాయి. చేపలు మాత్రం గ్లాసు దగ్గరికి వేలు పెడితే చాలు, మేత కోసం ఎగబడుతున్నాయి.

వాడు పంపిన రీడింగులు ఇవి: ఉప్పు 35, అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 10, ఫాస్ఫేట్ 0.08, ఆల్కలినిటీ 8.2, పీహెచ్ 7.8, వేడి 27. ఎవరికి చూపించినా “బానే ఉన్నాయే” అనే అంకెలు. అప్పటికే వాడు 30 శాతం నీళ్లు మార్చాడు, బ్యాక్టీరియా సీసా పోశాడు, లైట్ టైమింగ్ తగ్గించాడు. ఏదీ పనిచేయలేదు. “ఇక తీసేసి అమ్మేస్తారా” అన్నాడు. రెండేళ్లు ఆదివారాలన్నీ పోసిన చోట అది చిన్న మాట కాదు. క్లౌన్‌ఫిష్ సరిగ్గా చూసుకుంటే ఇరవై ఏళ్లకి పైగా బతుకుతుంది. కుక్కపిల్ల కన్నా పెద్ద బాధ్యత అది.

ముందు మీటర్‌ని అనుమానించండి

నీళ్లని అనుమానించే ముందు కొలిచే వస్తువుని అనుమానించాలి. ఇది మా ఆఫీసులో నేర్చుకున్నదే. అలారం మోగలేదంటే అంతా బాగుందని కాదు, అలారం వైరు ఊడిపోయి ఉండొచ్చు.

ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని చాలామంది ఆర్‌ఓ నీళ్ల చుక్క వేసి సున్నాకి సరిచేస్తారు. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న మీటర్ 35 దగ్గర కూడా సరిగ్గా ఉంటుందని గ్యారంటీ లేదు. 35 పీపీటీ క్యాలిబ్రేషన్ ద్రవం చిన్న సీసాలో దొరుకుతుంది, దాంతోనే సరిచేయాలి. మావాడి మీటర్ ఒక పాయింట్ తప్పు చూపిస్తోంది. అసలు ఉప్పు 34. నత్తల్ని చంపేంత తేడా కాదు.

నైట్రేట్ కిట్‌లో రెండో సీసా అడుగున పొడి పేరుకుంటుంది. దాన్ని అరనిమిషం గట్టిగా కుదపకపోతే నైట్రేట్ ఎంతున్నా తక్కువే చూపిస్తుంది. నీళ్లలో నైట్రైట్ ఉంటే అదే కిట్ నైట్రేట్‌ని ఎక్కువ చేసి చూపిస్తుంది. కిట్ మీద ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది, చూసుకోండి. రంగుని పసుపు బల్బు కింద కాకుండా పగలు కిటికీ దగ్గర చూడండి. మావాడిది కొత్త కిట్టే. మళ్లీ చేసినా 10.

ఇక పీహెచ్ 7.8. సముద్రంలో 8.1, 8.2 ఉంటుంది కాబట్టి వాడికి దీని మీదే అనుమానం. పీహెచ్ పెంచే సీసా ఆర్డర్ పెట్టబోతుంటే ఆపాను. దీనికో తేలిక పరీక్ష ఉంది. రీఫ్ కెమిస్ట్రీ మీద ఏళ్ల తరబడి రాసిన రసాయన శాస్త్రవేత్త రాండీ హోమ్స్-ఫార్లే వ్యాసాల వల్ల చాలామందికి తెలిసింది. ట్యాంక్ నీళ్లు ఒక గ్లాసులో తీసుకుని బాల్కనీలో పెట్టి, ఎయిర్ స్టోన్‌తో గంటసేపు గాలి బుడగలు వదలాలి. పీహెచ్ పెరిగిందంటే నీళ్లలో తప్పు లేదు, గదిలో గాలిది తప్పు. ఏసీ గది, మూసిన తలుపులు, లోపల నలుగురు మనుషులు. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగి పీహెచ్‌ని కిందికి లాగుతుంది. వాడి గ్లాసులో గంట తర్వాత 8.2 వచ్చింది. సీసా ఖర్చు మిగిలింది. కిటికీ కాసేపు తీసి పెట్టమన్నాను. ఏప్రిల్ ఎండలో హైదరాబాద్‌లో కిటికీ తీయమంటే ఇంట్లోవాళ్లు ఏమన్నారో ఇక్కడ రాయను.

అలా అనుమానితులు ఒక్కొక్కరూ బయటికి వెళ్లిపోయారు. మిగిలినవి రెండు ప్రశ్నలు. ఎవరు బతికి ఉన్నారు, ఎవరు పోయారు? మొదలవడానికి ముందు ఏం మారింది?

మొదటి ప్రశ్నకి జవాబు కళ్లముందే ఉంది. వెన్నెముక ఉన్నవి బాగున్నాయి, లేనివి పోతున్నాయి. అమ్మోనియా అయితే చేపలు కూడా గిలగిల్లాడాలి. ఆక్సిజన్ తగ్గితే చేపలు పైకొచ్చి నోరు తెరవాలి. అవేమీ లేవు. రెండో ప్రశ్నకి మాత్రం వాడి జవాబు “ఏం మారలేదురా, ఒట్టు” అని. ఏ ఇన్సిడెంట్ కాల్‌లో అయినా మొదటి అరగంట వినిపించే వాక్యం ఇదే.

ఇంకో చిన్న విషయం నాకు తేడాగా అనిపించింది. 30 శాతం నీళ్లు మార్చినా రవ్వంత కూడా తేడా రాలేదు. ట్యాంకులో ఏదో చెడు పేరుకుని ఉంటే, మూడో వంతు మంచి నీళ్లు పోసినప్పుడు ఒకటి రెండు రోజులైనా పగడాలు కాస్త విచ్చుకోవాలి. విచ్చుకోలేదంటే పోసినవి మంచి నీళ్లేనా?

భీమవరం నుంచి ఫోన్

మావాడి బాబాయ్‌కి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఏదో పెళ్లి విషయం మాట్లాడటానికి ఫోన్ చేసి, వీడి గొంతు విని “ఏంట్రా అలా ఉన్నావ్” అన్నారు. నేను పక్కనే ఉన్నా, స్పీకర్ ఆన్‌లో ఉంది. వీడు మొత్తం చెప్పాడు.

“నీళ్లు ఎక్కడివిరా?”

“ఆర్‌ఓ నీళ్లే బాబాయ్.”

“ఆర్‌ఓ అంటే మిషను పేరు. నీళ్లు ఎక్కడివని అడుగుతున్నా.”

ఆయన ఎక్వేరియం ఎప్పుడూ పెట్టలేదు. కానీ ఆల్కలినిటీ, అమ్మోనియా, పీహెచ్ అన్నీ ఆయనకి రోజూ వాడే మాటలే. చెరువులో తెల్లవారుజామున పీహెచ్ తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ, ఎందుకంటే పగలు నాచు కార్బన్ డయాక్సైడ్‌ని తాగేస్తుంది, రాత్రి అందరూ కలిసి వదులుతారు. మా ఏసీ గది కథ ఆయనకి కొత్తగా అనిపించనే లేదు. గోదావరి జిల్లాల్లో రొయ్యల రైతుని మించిన వాటర్ కెమిస్ట్రీ టీచర్ ఏ యూట్యూబ్ ఛానల్లోనూ దొరకడని నా అభిప్రాయం. ఆ పాఠానికి వాళ్లు కట్టే ఫీజు లక్షల్లో ఉంటుంది, కాబట్టి మర్చిపోరు.

“నత్తలు ముందు పోయాయా, రొయ్య ముందు పోయిందా?”

“నత్తలు.”

“చేపలు?”

“బ్రహ్మాండంగా ఉన్నాయి.”

“నత్త పోయి చేప నిలబడిందంటే మైలుతుత్తం పడ్డ నీళ్లలా ఉందిరా. మీ ఇంట్లో మైలుతుత్తం ఎందుకుంటుందిలే.”

మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. నీలంగా మెరిసే ఆ పలుకుల్ని సున్నంతో కలిపితే రైతులు తోటలకి కొట్టే బోర్డో మిశ్రమం. నత్తల్ని, నాచుని చంపడానికీ వాడతారు. ఆయన ఆ మాట అనగానే మేమిద్దరం ఒకేసారి వంటింటి వైపు చూశాం.

పాత ప్యూరిఫయర్ జనవరిలో పాడైంది. ఆంటీ కొత్తది కొన్నారు. దాని ముందు భాగం మీద పెద్ద రాగి రంగు స్టిక్కర్. “రాగి చెంబులో రాత్రంతా పెట్టక్కర్లేదు నాన్నా, ఇదే రాగి నీళ్లు ఇస్తుంది” అన్నారు ఆంటీ. మావాడు మూడు నెలలుగా ట్యాంకులో పోస్తున్నది ఆ కుళాయి నీళ్లే. “ఏం మారలేదు” అన్నది అబద్ధం కాదు. వాడి లెక్కలో ఆర్‌ఓ పోయి ఆర్‌ఓ వచ్చింది, అంతే.

మనకి మందు, వాటికి విషం

ఇక్కడ ఆంటీకి న్యాయం చేయాలి. ఆ నీళ్లు మనుషులకి చెడ్డవి కావు. తాగునీటికి మన భారతీయ ప్రమాణం ప్రకారం రాగి లీటరుకి 0.05 మిల్లీగ్రాములు ఉండొచ్చు, వేరే గతి లేకపోతే 1.5 దాకా సరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది. సముద్రం లెక్క వేరు. తీరానికి దూరంగా పైనుండే నీళ్లలో రాగి లీటరుకి ఒక మైక్రోగ్రాము కన్నా తక్కువ, అంటే 0.001 మిల్లీగ్రాము కూడా ఉండదు. మన గ్లాసులో ‘ఆరోగ్యం’ అనుకునే మోతాదు వాటికి వందల రెట్లు.

చిత్రం ఏంటంటే, రొయ్యకీ చాలా నత్తలకీ రాగి లేకుండా బతుకే లేదు. మన రక్తంలో ఆక్సిజన్ మోయడానికి ఇనుము ఉన్న హిమోగ్లోబిన్ ఉన్నట్టు, వాటి రక్తంలో రాగి ఉన్న హిమోసయనిన్ ఉంటుంది. కావలసింది చిటికెడు కన్నా తక్కువ. అది దాటితే మొప్పల దగ్గర ఉప్పునీ నీళ్లనీ సమతూకంలో పెట్టే పనే దెబ్బతింటుంది. ఈ తేడాని హాబీలో మందుగా కూడా వాడతారు. ఉప్పునీళ్ల చేపలకి తెల్లమచ్చల జబ్బు వస్తే వేరే తొట్టిలో పెట్టి రాగి మందు వేస్తారు. మామూలు అయానిక్ రాగి అయితే లీటరుకి 0.15 నుంచి 0.2 మిల్లీగ్రాములు. పరాన్నజీవి చస్తుంది, చేప తట్టుకుంటుంది. ఆ తొట్టిలో నత్తనీ పగడాన్నీ మాత్రం పెట్టరు.

ఇప్పుడు ఒక లెక్క. ఆ ప్యూరిఫయర్ లీటరుకి ఎంత రాగి కలుపుతోందో మేం ల్యాబ్‌లో కొలిపించలేదు. 0.1 మిల్లీగ్రాము అనుకుందాం. ఎండాకాలం, ఫ్యాను, ఏసీ, పైన లైటు. ట్యాంకులోంచి రోజుకి 4 లీటర్లు ఆవిరైపోతాయి. నీళ్లు మాత్రమే ఆవిరవుతాయి, వాటితో వచ్చిన లోహం కాదు. రోజుకి 4 లీటర్ల టాప్-అప్ అంటే 0.4 మిల్లీగ్రాముల రాగి. 90 రోజులకి 36 మిల్లీగ్రాములు. 200 లీటర్లలో పంచితే లీటరుకి 0.18. కొంత రాళ్లూ ఇసుకా పీల్చుకుంటాయి, కాబట్టి నీళ్లలో అంత కనపడదు. అయినా చూడండి, ఏ ఒక్కరోజూ ఎవరికీ తెలియకుండా, చేపల ఆసుపత్రి డోసు దగ్గరికి వచ్చేశాం. ప్రోగ్రామర్లకి ఈ కథ తెలుసు. మెమరీ లీక్ అంటే ఇదే. రోజూ కొంచెం, రీస్టార్ట్ లేదు.

రాగి పరీక్ష కిట్ తెప్పించాం. రంగు వచ్చీరానట్టు వచ్చింది. మళ్లీ అదే గొడవ, “ఉందంటావా, లేదంటావా?” లీటరుకి 0.1 కన్నా తక్కువైతే చాలా హాబీ కిట్లకి సరిగ్గా కనపడదు. రంగు రాలేదని రాగి లేదనుకోకూడదు. ఖచ్చితంగా కావాలంటే ఐసీపీ పరీక్షకి నీళ్లు పంపాలి, ఒకేసారి ముప్పై పైచిలుకు మూలకాల లెక్క వస్తుంది, కానీ శాంపిల్ సాధారణంగా విదేశానికి వెళ్లాలి, రావడానికి వారాలు. మేం చేసింది ఇంకొకటి. లోహాల్ని పీల్చుకునే ఫిల్టర్ ప్యాడ్‌లు దొరుకుతాయి. తెల్లగా ఉంటాయి. మామూలు మురికి పీలిస్తే గోధుమరంగుకి తిరుగుతాయి, రాగి పీలిస్తే నీలం ఆకుపచ్చకి. నాలుగో రోజు మావాడు పంపిన ఫొటోలో రంగు గురించి ఎవరికీ అనుమానం రాలేదు. పాత దేవుడి గంటకి పట్టే చిలుము రంగు.

ఆర్‌ఓ అనగానే నమ్మకండి

రాగి సంగతి అలా ఉంచితే, వంటింటి ప్యూరిఫయర్ నీళ్లు ట్యాంకుకి వాడటంలోనే ఒక తిరకాసు ఉంది. మన దగ్గర అమ్మే చాలా మిషన్లలో టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న స్క్రూ ఉంటుంది. ఆర్‌ఓ నీళ్లు చప్పగా ఉన్నాయంటారని, కొన్ని పచ్చి నీళ్లని పొర దాటించకుండా మళ్లీ కలిపేస్తుంది. మీరు ఆర్‌ఓ అనుకునేదాంట్లో కొంత బోరు నీళ్లే. మావాడి కుళాయి దగ్గర టీడీఎస్ 85 వచ్చింది. ట్యాంకుకి కావలసింది సున్నా.

ఆ పచ్చి నీళ్లు ఏ రోజు ఏవో కూడా మనకి తెలీదు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సంపులో చలికాలం మున్సిపల్ నీళ్లు, ఎండాకాలం బోరు, బోరు ఎండితే ట్యాంకర్. ఇవాళ సంపులో ఏముందో వాచ్‌మన్ అన్నకి తప్ప ఎవరికీ తెలీదు. ట్యాంకర్ ఏ బోరు దగ్గర నింపుకొచ్చిందో ఆయనకీ తెలీదు. బోరు నీళ్లలో నైట్రేట్ ఉంటే, ఆర్‌ఓ పొర కాల్షియాన్ని ఆపినంత గట్టిగా దాన్ని ఆపలేదు. ‘ఎంత నీళ్లు మార్చినా నైట్రేట్ తగ్గట్లేదు, నాచు పోవట్లేదు’ అని తల పట్టుకున్నవాళ్లు ముందు ట్యాంక్ నీళ్లు కాదు, పోసే నీళ్లు పరీక్ష చేయాలి. అదే కిట్, అదే ఐదు నిమిషాలు. విచిత్రంగా ఈ పని చేసేవాళ్లు తక్కువ.

టీడీఎస్ మీటర్‌ని కూడా దేవుణ్ని చేయొద్దు. అది నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పోతుందో మాత్రమే చూస్తుంది. క్లోరిన్‌ని పట్టదు, సిలికాని సరిగ్గా పట్టదు. లీటరుకి 0.1 మిల్లీగ్రాము రాగి దానికి ఒక అంకె కూడా కాదు.

ఇవన్నీ చూశాక మావాడు యుటిలిటీ బాల్కనీలో ట్యాంకు కోసమే వేరే యూనిట్ బిగించాడు. సెడిమెంట్ ఫిల్టర్, కార్బన్, ఆర్‌ఓ పొర, చివర్న డీఐ రెసిన్. ఏ కంట్రోలరూ, ఏ మినరల్ క్యాట్రిడ్జూ లేనిది. టీడీఎస్ సున్నా. బిగించడానికి వచ్చినాయన అలవాటుగా ఇత్తడి కనెక్టర్ తీశాడు. ఇత్తడిలో సగం పైన రాగే, ప్లాస్టిక్‌ది వేయించాం. ఉప్పు కలిపే బకెట్‌లో నీళ్లు వేడి చేయడానికి ఇమ్మర్షన్ రాడ్ వాడేవాళ్లుంటారు, అదీ వద్దు. గాలి మోటారు పక్కన దోమల లిక్విడ్ మెషిన్ పెట్టడం మరీ ప్రమాదం. వాటిలో సాధారణంగా ఉండే పైరెథ్రాయిడ్ మందులు రొయ్య జాతికి చాలా తక్కువ మోతాదులోనే విషం, మోటారు ఆ గాలిని నేరుగా నీళ్లలోకి పంపుతుంది. మీ ట్యాంకులో కూడా చేపలు బాగుండి రొయ్యలే పోతుంటే, రాగి తర్వాత చూడాల్సింది ఇదే.

ఆంటీ మాత్రం కాస్త నొచ్చుకున్నారు. “అంటే నా మిషను వల్లే నీ పురుగులు చచ్చాయంటావా?” అని. “నీ మిషను మంచిదే అమ్మా, మనుషుల కోసం చేశారు” అన్నాడు వాడు. ప్యూరిఫయర్ వంటింట్లోనే ఉంది. బాల్కనీ యూనిట్ వదిలే వ్యర్థ నీళ్లు ఆవిడ బకెట్‌లో పట్టి బాత్రూమ్‌లు కడిగిస్తున్నారు. ఆ విషయంలో రాజీ కుదిరింది.

రాగిని బయటికి తీయడం మాత్రం ఒక్క రోజు పని కాదు. కొత్త నీళ్లు ఎంత శుభ్రమైనా, ప్రతిసారీ 20 శాతం మారిస్తే 80 శాతం మిగులుతుంది. అయిదుసార్లు మార్చాక కూడా మొదట ఉన్నదాంట్లో దాదాపు మూడో వంతు ట్యాంకులోనే ఉంటుంది. పైగా రాళ్లూ ఇసుకా తాగిన రాగి, నీళ్లలో తగ్గేకొద్దీ మెల్లగా బయటికొస్తుంది. ఒకేసారి 80 శాతం మార్చేద్దాం అన్నాడు వాడు. ఉప్పు, వేడి, ఆల్కలినిటీ ఒక్కసారిగా మారితే, అప్పటికే నీరసంగా ఉన్న పగడాలకి అది రెండో దెబ్బ. వారానికి రెండుసార్లు 20 శాతం, మధ్యలో యాక్టివేటెడ్ కార్బన్, ప్యాడ్ రంగు మారగానే కొత్త ప్యాడ్. వేరే ఏ సీసా మూతా తీయొద్దన్నది ఒక్కటే నేను గట్టిగా పెట్టిన షరతు.

మూడో వారంలో లెదర్ కోరల్ ఒంటి మీద మైనంలాంటి పొర విడిచింది. ఆ జాతికి అది మామూలే, కింద శుభ్రమైన చర్మం వస్తుంది. అయిదో వారానికి జోవాంథిడ్లలో సగం విచ్చుకున్నాయి. ఒక మూల కాలనీ మాత్రం కరిగిపోయింది, అది ఇక రాదు. ఆరు నత్తల్లో రెండు మిగిలాయి, గ్లాసు మీద మళ్లీ గీతలు పడుతున్నాయి. మొదటి ప్యాడ్ నీలం, రెండోది నీలమో ఆకుపచ్చో తెలియని రంగు. మూడోది పోయిన శనివారం తీశారు, వట్టి గోధుమరంగే. ఇంకో రెండు ప్యాడ్‌లు అదే రంగు వస్తే కొత్త రొయ్యని తెద్దామని అనుకుంటున్నారు. భీమవరం బాబాయ్ మాత్రం “ఇంకో నెల ఆగండ్రా, తొందరేముంది” అంటున్నారు.